మొదటి రైఫిల్ తర్వాత ఏది కొనాలి?

మొదటి వేట రైఫిల్ కొనేటప్పుడు ఎవరైనా నలుగురిని అడిగే కొంటారు. రెండోది, మూడోది దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు పోతుంది. దుకాణంలో చేతికి బాగుందనో, స్నేహితుడి దగ్గర ఉందనో, థాంక్స్‌గివింగ్ డిస్కౌంట్ వచ్చిందనో తెచ్చేసుకుంటారు. టెక్సస్‌లో స్థిరపడి వేట అలవాటు చేసుకున్న మన తెలుగువాళ్లదీ అదే దారి. కొన్నేళ్లకు సేఫ్ తెరిచి చూసుకుంటే నాలుగు రైఫిళ్లుంటాయి, నాలుగూ దుప్పి వేటకే. కుందేలుకు తగినది ఒక్కటీ ఉండదు, మనుబోతుకు చాలేది ఒక్కటీ ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కొత్తగా ఇంటికి వచ్చే ప్రతి క్యాలిబరూ ఇప్పటికే ఉన్నవి చెయ్యలేని పని ఏదో చెయ్యాలి. చెయ్యకపోతే దానికి ఎంత పేరున్నా వద్దనుకోండి. ఆ లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రాసింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలుగా ఒకరు రెండు తుపాకులకు మించి ఉంచుకోవడానికీ లేదు. కాబట్టి రకరకాల వేట క్యాలిబర్లు పోగుచేసుకోవడం అక్కడ కుదిరే పని కాదు.

ముందు మీ కాగితాలు చూసుకోండి

క్యాలిబర్ కంటే ముందు వీసా. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు రైఫిల్ కొనుక్కునే హక్కు ఉంది. దుకాణంలో 4473 ఫారం నింపాలి, నేర చరిత్ర తనిఖీ జరుగుతుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. షూటింగ్ రేంజ్‌లో అద్దెకిచ్చే తుపాకీ పట్టుకున్నా అదే లెక్కలోకి వస్తుంది. దీనికున్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఎక్కువమందికి ఉపయోగపడేది ఒకటి: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం.

"గడువు తీరని" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. టెక్సస్ వేట లైసెన్సు మామూలుగా ఆగస్టు 31తో ముగుస్తుంది. సీజన్ అయిపోయిందని కొత్తది తీసుకోకుండా ఊరుకుంటే, సెప్టెంబరు 1 నుంచి హెచ్-1బి మనిషి ఇంట్లో ఉన్న రైఫిల్ నేరం కిందికి వస్తుంది. ఇంకో సంగతి. ప్రైవేటు పొలంలో యజమాని అనుమతితో అడవిపందులను వేటాడడానికి టెక్సస్‌లో 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు. అది విని వీసా మీద ఉన్నవాళ్లు లైసెన్సు మానేయకండి. పందికి అక్కర్లేకపోయినా మీకు కావాలి. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి అడగండి, రైఫిల్ ధరతో చూస్తే అది పెద్ద ఖర్చేమీ కాదు.

టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. చట్టం కోసమే అనుకోకుండా శ్రద్ధగా చదవండి.

ఏ జంతువు, ఎంత దూరం: కాగితం మీద రాయండి

వచ్చే రెండు మూడేళ్లలో మీరు నిజంగా వేటాడబోయే జంతువులను ఒక కాగితం మీద రాయండి. ఎప్పుడో అలాస్కా వెళ్లి ఎలుగును కొడతానన్న కోరికను పక్కన పెట్టండి. ప్రతి జంతువు పక్కన దాని బరువు, మీరు వెళ్లే నేల ఎలాంటిది, తూటా ఎంత దూరం పోవాలి అన్నవి రాయండి. తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో వంద గజాలు దాటి కనిపించడమే కష్టం. కొలరాడో కొండల్లో మూడు వందల గజాల దూరం మామూలు మాట.

టెక్సస్‌లో ఈ జాబితా రాస్తుంటే తెలుగువాళ్లకు పాత చుట్టాలు ఎదురవుతారు. 1930లలో మన దేశపు జంతువులను అక్కడి ర్యాంచ్‌లలో వదిలారు. మన తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకను అక్కడ యాక్సిస్ అంటారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక అక్కడ బ్లాక్‌బక్. మనుబోతు నీల్గాయ్ పేరుతోనే దక్షిణ టెక్సస్‌లో, ముఖ్యంగా కింగ్ ర్యాంచ్ చుట్టుపక్కల, విస్తరించిపోయింది. మన దేశంలో వీటిని ముట్టుకుంటే జైలు. అక్కడ వీటిని బయటినుంచి వచ్చిన జాతులుగా లెక్కగడతారు కాబట్టి సీజన్ నిబంధన లేదు, వేట లైసెన్సు, పొలం యజమాని అనుమతి ఉంటే చాలు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే క్యాలిబర్ల లెక్క సగం అర్థమైపోతుంది. కృష్ణజింక వంద పౌన్ల లోపు జంతువు. మగ చుక్కల జింక బాగా ఎదిగితే రెండు వందల పౌన్ల దాకా తూగుతుంది. మగ మనుబోతు అయిదారు వందల పౌన్లు. పైగా దాని చర్మం మందం, కండరం గట్టిది, తూటా సరిగ్గా తగలకపోతే పొదల్లో పడి మైళ్లు పోతుంది. మొదటి రెండింటికి ఒకే రైఫిల్ హాయిగా సరిపోతుంది. మూడోదానికి అదే రైఫిల్ పట్టుకెళ్లడం ఆ జంతువుకు చేసే అన్యాయం.

పేరులో అంకెలు చూసి మోసపోకండి

ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, పైన గుండు. నాలుగూ కలిస్తే తూటా. క్యాలిబర్ అంకె మామూలుగా గుండు వ్యాసాన్ని అంగుళాల్లో చెబుతుంది, అదీ సుమారుగా. .308 విన్చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .30-30 విన్చెస్టర్, .300 విన్చెస్టర్ మాగ్నమ్ – నాలుగింటి గుండూ 0.308 అంగుళాలే. కేసు పొడవు, మందు పరిమాణం వేరు, అందుకే బలం వేరు. .270 గుండు అసలు వ్యాసం 0.277. మన పోలీసులు వాడిన త్రీ నాట్ త్రీ గుండు 0.311 దాకా ఉంటుంది.

కాబట్టి అంకె దగ్గరగా ఉందని ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెట్టకూడదు. కొన్ని జోడీలు ప్రాణం తీస్తాయి. .300 బ్లాక్‌అవుట్ తూటాను .223 కేసు నుంచే తయారుచేశారు. రెండిటి అడుగు భాగం ఒకటే, మ్యాగజీన్ ఒకటే. .223 రైఫిల్లో .300 బ్లాక్‌అవుట్ తూటా కొన్నిసార్లు లోపలికి దిగిపోతుంది, బోల్టు కూడా మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే 0.308 అంగుళాల గుండు 0.224 అంగుళాల గొట్టంలోకి పోవాలి. పోదు. రైఫిల్ మొహం ముందే పేలుతుంది.

అందుకని ఒక అలవాటు చేసుకోండి. బ్యారెల్ పక్కన, సాధారణంగా చాంబర్‌కు దగ్గరలో, క్యాలిబర్ పేరు చెక్కి ఉంటుంది. తూటాను తిప్పి చూస్తే ప్రైమర్ చుట్టూ ఇత్తడి మీద అదే పేరు గుండ్రంగా అచ్చు వేసి ఉంటుంది. ఈ రెండూ అక్షరం అక్షరం కలిస్తేనే లోడ్ చెయ్యాలి. ఇంట్లో క్యాలిబర్లు పెరిగేకొద్దీ ఈ ప్రమాదమూ పెరుగుతుంది. ఒక్కో క్యాలిబర్‌కు ఒక్కో రంగు డబ్బా పెట్టుకోండి, రేంజ్‌కు వెళ్లినప్పుడు బల్ల మీద ఒక్క రకం తూటాలే ఉంచండి. .223, .300 బ్లాక్‌అవుట్ రెండూ ఒకే ఇంట్లో వద్దనేది నా గట్టి అభిప్రాయం.

పునాది .22

.22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి ఉంది. నలభై గ్రెయిన్ల (గుండు బరువును గ్రెయిన్లలో కొలుస్తారు) చిన్న గుండు, వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, తూటా ధర మిగతా వాటితో పోలిస్తే చాలా తక్కువ. ఉడత, కుందేలు వేటకు సరిపోతుంది. దుప్పి మీద వాడకూడదు, టెక్సస్ సహా చాలా రాష్ట్రాల్లో చట్టమూ ఒప్పుకోదు. చిన్నదని అలుసుగా చూడకండి. దాని గుండు మైలు దాటి పోగలదు, వెనకాల మట్టి గట్టు లేకుండా కాల్చకూడదు.

ఇప్పటికే పెద్ద రైఫిల్ కొనేసినవాళ్లు కూడా రెండోదిగా దీన్నే తీసుకోవాలంటాను. గురి, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు ఎలా ఉంచాలి అన్నవన్నీ దీనితోనే చేతికి వస్తాయి.

నడిమి రైఫిల్: ఇక్కడే ఎక్కువ ఆలోచించండి

మీ వేటలో ఎక్కువ భాగం చేసిపెట్టేది ఇదే. తెల్లతోక దుప్పి, చుక్కల జింక, కృష్ణజింక, అడవిపంది అన్నీ దీని పరిధిలోవే. పోటీలో చాలా పేర్లున్నాయి.

.243 విన్చెస్టర్ 1955లో వచ్చింది. .308 కేసు మెడను సన్నం చేసి దీన్ని తయారుచేశారు. వంద గ్రెయిన్ల గుండు సెకనుకు 2,960 అడుగుల వేగంతో పోతుంది. తన్ను తక్కువ కాబట్టి సన్నటి ఒళ్లువాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు మంచిది. పెద్ద పంది భుజం ఎముక మీద మాత్రం దానికి మిగులు బలం ఉండదు.

6.5 క్రీడ్‌మోర్‌ను హోర్నడీ కంపెనీ 2007లో తెచ్చింది. పొడవాటి సన్నటి గుండు కాబట్టి గాలికి తక్కువ పక్కకు పోతుంది, దూరంలో వేగాన్ని బాగా నిలుపుకుంటుంది. .308 కంటే తన్ను తక్కువ.

.308 విన్చెస్టర్ 1952 నాటిది. నూట యాభై గ్రెయిన్ల గుండు, 2,820 అడుగుల వేగం, బయలుదేరేటప్పుడు సుమారు 2,650 ఫుట్-పౌన్ల శక్తి. ఏ చిన్న ఊరి దుకాణంలోనైనా తూటాలు దొరుకుతాయి.

.270 విన్చెస్టర్ 1925 నాటిది. ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో జాక్ ఓకానర్ దశాబ్దాలపాటు దీని గొప్పతనం రాశాడు, చదివిన తరం మొత్తం దీన్నే కొంది. .30-06 అంతకంటే పాతది, 1906లో అమెరికా సైన్యం కోసం తయారైంది. నూట ఎనభై గ్రెయిన్ల గుండుతో దీన్ని ఎల్క్ అనే పెద్ద జింక మీదికీ తీసుకెళ్లొచ్చు.

క్రీడ్‌మోరా, త్రీ-ఓ-ఎయిటా అని రాత్రంతా వాదించుకునేవాళ్లను చూస్తాం. మూడు వందల గజాల లోపు రెండిటి గుండు కిందికి దిగే తేడా మహా అయితే అంగుళం అటూఇటూ. కొత్తవాళ్ల చేతి వణుకే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. టెక్సస్ పందులు, దుప్పులు మాత్రమే మీ కాగితం మీద ఉంటే .308 తీసుకోండి. బహిరంగ ప్రదేశంలో దూరం కొట్టాలి, భుజానికి తన్ను తక్కువుండాలి అనుకుంటే 6.5 క్రీడ్‌మోర్. కొలరాడోలో ఎల్క్ కూడా ఉంటే .30-06. వీటిలో ఏదో ఒకటి ఇంట్లో ఉన్నాక మిగతావి కొనడానికి వేట పరంగా కారణమే లేదు. .308 ఉన్న ఇంటికి 7ఎంఎం-08, .270 ఉన్న ఇంటికి .30-06 తేవడమంటే ఒకే సైజు మూకుడు రెండోది కొనడమే.

ఖాళీలు నింపుకోవడం

నడిమి రైఫిల్ కుదిరాక మీ కాగితం మళ్లీ తీయండి. ఏ జంతువు పక్కన రైఫిల్ పేరు లేకుండా మిగిలిందో చూడండి.

కయోటీలు మీ పొలంలో కోళ్లనో మేకపిల్లలనో ఎత్తుకుపోతుంటే .223 రెమింగ్టన్ కొనొచ్చు. యాభై అయిదు గ్రెయిన్ల గుండు, 3,240 అడుగుల వేగం, తూటాలు చవక. దుప్పికి దీన్ని కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కొలరాడోలో దుప్పికి కనీసం .24 క్యాలిబర్, డెబ్భై గ్రెయిన్ల గుండు ఉండాలి. ఎల్క్‌కైతే ఎనభై అయిదు గ్రెయిన్లు. వంద గజాల దగ్గర కనీసం వెయ్యి ఫుట్-పౌన్ల శక్తి ఉండాలన్న షరతూ ఉంది. .243 ఆ గీత దాటుతుంది, .223 దాటదు. ఒహాయో దారి ఇంకోటి. అక్కడ దుప్పి వేటకు మెడ సన్నబడని, తిన్నటి గోడల కేసు ఉన్న తూటాలనే రైఫిల్లో అనుమతిస్తారు. 2019లో వచ్చిన .350 లెజెండ్ ఇలాంటి రాష్ట్రాల కోసమే పుట్టింది. మీ రాష్ట్రం రూల్స్ పుస్తకం ఏటా మారుతుంది, ఏటా చదవాలి.

మనుబోతు, పెద్ద ఎల్క్ మీ జాబితాలో నిజంగా ఉంటే .300 విన్చెస్టర్ మాగ్నమ్ వైపు చూడండి. 1963లో వచ్చింది, నూట ఎనభై గ్రెయిన్ల గుండును 2,960 అడుగుల వేగంతో పంపుతుంది. దక్షిణ టెక్సస్‌లో నీల్గాయ్ వేటకు తీసుకెళ్లే గైడ్లు చాలామంది దీన్నే తెమ్మంటారు. ఏడాదికో రెండేళ్లకో ఒక్కసారి వెళ్లే మనుబోతు వేట కోసమైతే గైడు దగ్గర రైఫిల్ అద్దెకు దొరుకుతుందేమో ముందు అడగండి.

దట్టమైన అడవిలో, నూట యాభై గజాల లోపు, తేలికైన లీవర్ రైఫిల్ కావాలంటే .30-30 ఉంది. 1895 నుంచి అమెరికా అడవుల్లో లెక్కలేనన్ని దుప్పులను ఇంటికి చేర్చింది. దాని తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, ముందున్న తూటా ప్రైమర్‌ను వెనకదాని మొన తాకుతుంది. అందుకే గట్టి సూది మొన గుండ్లు ఇందులో వాడకూడదు. మొన చదునుగా, గుండ్రంగా ఉన్నవి, లేదా దీనికోసమే మెత్తటి మొనతో చేసినవి వాడాలి.

చరిత్ర మీద ప్రేమతో కొనేది మాత్రం ఈ లెక్కల్లోకి రాదు. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది .275 రిగ్బీతో. అది 7×57 మౌజర్‌కే ఇంకో పేరు, ఇప్పటికీ తూటాలు దొరుకుతాయి. అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 విన్చెస్టర్, 1904లో వచ్చిన క్యాలిబర్. మన అడవుల్లో తిరిగిన తూటా కావాలని ఒక తెలుగువాడు దాన్ని వెతికి కొనుక్కుంటే నేను కాదనను. అలాంటిది ఒకటి చాలు.

మీ భుజం ఒప్పుకుంటుందా?

తన్నును అమెరికాలో ఫుట్-పౌన్లలో కొలుస్తారు. ఏడెనిమిది పౌన్ల రైఫిల్లో .243 సుమారు 10, .308 సుమారు 17, .30-06 సుమారు 20, .300 మాగ్నమ్ 26 పైమాటే. ఇరవై దాటితే చాలామంది తమకు తెలియకుండానే కళ్లు మూసుకుని, ట్రిగ్గర్‌ను గుంజేస్తారు. "నాకేం కాదు" అని ప్రతివాళ్లూ అంటారు. తెలుసుకునే దారి ఉంది. రేంజ్‌లో ఒక అనుభవజ్ఞుణ్ణి పక్కన నిలబెట్టుకుని, మామూలు తూటాల మధ్య అదే క్యాలిబర్ డమ్మీ తూటాలు ఒకటీ అరా కలిపి లోడ్ చెయ్యమనండి. ఎప్పుడు ఏది వస్తుందో మీకు తెలియకూడదు. డమ్మీ దగ్గర క్లిక్కుమన్నప్పుడు రైఫిల్ మూతి కదలకుండా ఉంటే ఆ క్యాలిబర్ మీది. కిందికి ఊగిందంటే దెబ్బ రాకముందే మీ ఒళ్లు భయపడుతోందని అర్థం. ఆ స్థితిలో వేటకు వెళితే జంతువు గాయపడి పారిపోతుంది. ఒక మెట్టు కిందికి దిగండి. ఊపిరితిత్తుల్లో తగిలిన .243, పొట్టలో తగిలిన .300 మాగ్నమ్ కంటే ఎన్నో రెట్లు మేలు.

తూటా పెట్టె

రైఫిల్ ఒక్కసారి కొంటారు, తూటాలు జీవితాంతం కొంటారు. బేరం కుదిరే ముందు మీ ఊళ్లో మూడు దుకాణాలు తిరిగి ఆ క్యాలిబర్ తూటాలు అరల్లో ఉన్నాయేమో చూడండి. కొరత కాలంలో ముందుగా మాయమైపోయేవి అంతగా అమ్ముడుపోని క్యాలిబర్లే.

దుప్పి, పంది లాంటి వాటికి తగలగానే విచ్చుకునే గుండ్లు వాడాలి. రేంజ్‌లో వాడే పూర్తి లోహపు తొడుగు గుండు సన్నటి రంధ్రం చేసుకుని దూసుకుపోతుంది, జంతువు చాలాసేపు బాధపడుతుంది. చాలా రాష్ట్రాల్లో దానితో వేట నిషిద్ధం. కయోటీల కోసం చేసిన పలచటి తొడుగు గుండు దుప్పి భుజం మీదే ముక్కలైపోతుంది, అదీ వద్దు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని గుండ్లే వాడాలి. అక్కడ ఉండేవాళ్లు రాగి గుండ్లు దొరికే క్యాలిబరేనా అని ముందే చూసుకోవాలి. మాంసం పిల్లలకు పెట్టే ఇంట్లో రాష్ట్రం ఏదైనా రాగి గుండే వాడమంటాను.

ఇంటికి తెచ్చాక

రైఫిళ్లు తాళం వేసిన సేఫ్‌లో, తూటాలు వేరే తాళం కింద. ఊరి నుంచి అమ్మానాన్న, మేనల్లుళ్లు వచ్చి నెలల తరబడి ఉండే ఇళ్లు మనవి. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో ఇంటిల్లిపాదికీ తెలియడం మనకు అలవాటు. ఈ ఒక్క తాళం విషయంలో ఆ అలవాటు మానండి.

చివరిగా ఒక విన్నపం. రేంజ్‌కు, వేటకు తీసుకెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. జేబు అడుగున మరిచిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది, "మరిచిపోయానండీ" అంటే వదిలిపెట్టరు. వేట సంచి వేరు, ఊరి సంచి వేరు. ఇవాళే విడదీసి పెట్టుకోండి.